ఏ పురుగుతో పని మొదలుపెట్టాలి? రాయగడ నుంచి సిరొంచ దాకా ఉన్న మన జువాలజీ పిల్లలకు

ఏటా ప్రాజెక్టుల సీజన్ రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. గుణుపూర్ నుంచి ఒక అమ్మాయి, పర్లాకిమిడి నుంచి ఒక అబ్బాయి, అటు ప్రాణహిత ఒడ్డున సిరొంచ నుంచి ఇంకొకరు. "అక్కా, పురుగుల వాసన, చూపు, వినికిడి మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నా. డ్రోసోఫిలా తీసుకోనా, దోమ తీసుకోనా?" ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా మరాఠీ, కాలేజీలో ఇంగ్లిష్. ఇలా మూడు భాషల మధ్య పెరిగిన పిల్లలకు ఈ సంగతులు సొంత భాషలో చెప్పేవాళ్లు దొరకరు. నాది రాయగడ. పన్నెండేళ్లుగా నా పనంతా పురుగుల మీసాలతోనే. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఈసారి ఒకచోట రాస్తున్నాను.

ఇక్కడ ఐదు పురుగులను పోలుస్తున్నాను: పండు ఈగ (డ్రోసోఫిలా అంటే ఇదే), ఏడిస్ దోమ, దసలి పట్టుపురుగు, పుట్టతేనెటీగ, పత్తిలో గులాబీ రంగు పురుగు. ఐదూ మన దగ్గర దొరికేవే.

ముందు చూసుకోవాల్సినవి

చాలామంది మొదట పరికరం గురించి అడుగుతారు. "ఈఏజీ మిషన్ ఎక్కడుంది అక్కా?" అని. పురుగు మీసానికి రెండు కొసల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి, వాసన ఊదినప్పుడు పుట్టే చిన్న విద్యుత్ స్పందనను కొలిచే పరికరం అది. 1950ల్లో డీట్రిష్ ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మగ పట్టుచిలుక మీసం మీద ఈ పద్ధతిని మొదలుపెట్టాడు. చాలా మంచి పరికరం. కానీ దాని కోసం తిరుగుతూ నాలుగు నెలలు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. పురుగు మీ చేతిలో ఉండి, దానికి సూటిగా ఒక ప్రశ్న వేయగలిగితే పరికరం తర్వాత దొరుకుతుంది. అందుకే నేను అడిగేవి వేరు.

మీకు ఎన్ని నెలల సమయం ఉంది? ఆ నెలల్లో పురుగు బతికి దొరుకుతుందా? మీసం కొలవకుండా, దాని నడవడిక చూసి లెక్కపెడితే జవాబు వస్తుందా? దాని జన్యువుల సమాచారం ఇప్పటికే ఉందా, మీరే మొదటినుంచి వెతకాలా? ఏ అనుమతులు కావాలి? చివరగా, మీ కాలేజీలో కరెంటు ఎలా ఉంటుంది?

ఆ చివరి ప్రశ్న నా అనుభవం నేర్పింది. నేను ఎమ్మెస్సీలో ఉండగా నలభై ఆర్ఎన్ఏ శాంపిళ్లను ఒక ల్యాబ్‌లో మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచాను. దసరా సెలవుల్లో కరెంటు పోయింది. జనరేటర్ ఆన్ చేసే మనిషి ఊళ్లో లేడు. తిరిగొచ్చి తలుపు తీస్తే ట్రే అడుగున నీళ్లు, ట్యూబుల మీద నేను రాసిన నంబర్లు కరిగి నీలం మరకలు. మూడు నెలల పని పోయింది. డీఎన్ఏ అయితే పురుగును ఆల్కహాల్‌లో వేసి అల్మారాలో పెట్టినా నెలల తరబడి నిలుస్తుంది. ఆర్ఎన్ఏ అలా కాదు. ఏ గ్రాహకం (వాసనను పట్టుకునే ప్రోటీన్) ఎంత తయారవుతోందో తెలియాలంటే ఆర్ఎన్ఏ కావాలి. కాబట్టి నమ్మకమైన ఫ్రీజర్ లేనివాళ్లు నడవడిక, డీఎన్ఏ ఈ రెండింటితో సాగే ప్రాజెక్టే పెట్టుకోండి.

| పురుగు | ఎప్పుడు దొరుకుతుంది | గుడ్డు నుంచి రెక్కల దశకు | పెంపకం | ఎక్కువ పనికొచ్చే విషయం |
|---|---|---|---|---|
| పండు ఈగ | ఏడాదంతా, ఎండాకాలం కష్టం | 25 డిగ్రీల దగ్గర సుమారు 10 రోజులు | చాలా తేలిక | వాసన, రుచి, జన్యువులు |
| ఏడిస్ దోమ | వానాకాలం ఎక్కువ | వెచ్చగా ఉంటే సుమారు 7–10 రోజులు | రక్తం, అనుమతి కావాలి | వాసన, వినికిడి |
| దసలి పట్టుపురుగు | ఏడాదికి 2–3 పంటలు | నెలలు | చెట్ల మీద, ఆరుబయట | ఫెరోమోన్ (జత కోసం పిలిచే వాసన), మీసాల నిర్మాణం |
| పుట్టతేనెటీగ | ఏడాదంతా, పూలను బట్టి | సుమారు 3 వారాలు | తేనెపెట్టె ఉంటే తేలిక | రంగులు, నేర్చుకోవడం |
| గులాబీ రంగు పురుగు | పత్తి పూత నుంచి చివరి ఏరుడు దాకా | 4–5 వారాలు | ల్యాబ్‌లో కష్టం, పొలంలో తేలిక | ఫెరోమోన్, బీటీ నిరోధకత (బీటీ పత్తిలోని విషానికి లొంగకపోవడం) |

పండు ఈగ

అరటిపండు మగ్గితే చాలు, వంటింట్లో ఎక్కడినుంచో వచ్చి వాలే ఎర్రకళ్ల చిన్న ఈగలు. మొక్కజొన్న పిండి, బెల్లం, అగర్, ఈస్ట్ కలిపి ఉడికించి, బూజు పట్టకుండా కాస్త ప్రొపియానిక్ ఆసిడ్ వేసి సీసాల్లో పోస్తే వాటికి తిండి, ఇల్లు రెండూ అయిపోతాయి. ఒక్కో సీసాకు అయ్యే ఖర్చు మరీ తక్కువ.

పురుగుల వాసన గ్రాహకాల జన్యువులు మొట్టమొదట బయటపడింది ఈ ఈగలోనే, 1999లో. అలాంటి జన్యువులు దీనికి దాదాపు 60. ఆ తర్వాత తెలిసిన సంగతి ఇంకా ముఖ్యం. ఈ గ్రాహకాలు ఒంటరిగా పనిచేయవు, ఆర్కో అనే తోడు ప్రోటీన్ కావాలి. ఆర్కో దాదాపు అన్ని పురుగుల్లో ఒకేలా ఉంటుంది. మన దగ్గర దొరికే ఏ పురుగు డీఎన్ఏ నుంచైనా ఆర్కోను పీసీఆర్‌తో (కావలసిన డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) పట్టుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి మొదటి జన్యువు నాకు కనిపించలేదు.

మన దేశంలో ఈ పనికి పునాది వేసినవాళ్లు ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (టీఐఎఫ్ఆర్) ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్. 1970ల్లో వాళ్లు కొన్ని వాసనలను, రుచులను పసిగట్టలేని మ్యూటెంట్ (జన్యువు మారిన) ఈగలను వేరుచేశారు. సిద్దిఖీ తర్వాత బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు. ఈగ మెదడులోని సుమారు 1,40,000 న్యూరాన్ల పూర్తి పటం 2024లో వచ్చింది. ఇంత సరంజామా ఉన్న పురుగు ఇంకోటి లేదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మట్టి వాసన. తొలకరి చినుకు పడగానే మనం గుండెనిండా పీల్చే ఆ వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్. పండు ఈగకు అది ప్రాణభయం. బూజు పట్టిన పండు మీద జియోస్మిన్ ఉంటుంది, అక్కడ గుడ్లు పెడితే పిల్లలు బతకవు. దాన్ని పసిగట్టడానికి ఈగ ప్రత్యేకంగా ఓఆర్56ఏ అనే ఒక్క గ్రాహకాన్ని కేటాయించుకుందని 2012లో తేలింది. ఒక వాసన, ఒక గ్రాహకం, ఒక పని. పిల్లలకు ఈ రంగం అర్థం చేయించడానికి నేను ఎప్పుడూ దీనితోనే మొదలుపెడతాను.

ఇబ్బందులు రెండు. మొదటిది ఎండ. ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరితే మెలనోగాస్టర్ (ల్యాబుల్లో వాడే పండు ఈగ జాతి) మగ ఈగలు పిల్లల్ని కనలేవు. చంద్రపూర్, సిరొంచ వైపు ఏప్రిల్, మే నెలల్లో ఇంక్యుబేటర్ లేకుండా స్టాక్ నిలబడదు. కోరాపుట్ కొండల మీద కాస్త నయం. రెండోది గుర్తింపు. వంటింట్లో పట్టిందల్లా మెలనోగాస్టర్ కాదు. అననాసే అనే ఇంకో జాతి ఉంటుంది, వీపు మీద తెల్ల చారలున్న జాప్రియోనస్ ఉంటుంది. లెన్సు కింద పెట్టి చూడకుండా స్టాక్ మొదలుపెట్టకండి. ప్రాజెక్టు సగంలో తెలిస్తే చేసిందంతా వృథా.

ఏడిస్ దోమ

మల్కన్‌గిరి, కోరాపుట్, గడ్చిరోలి. ఈ పేర్లు చెబితే మలేరియా గుర్తుకురాని ఇల్లు మనలో లేదు. అందుకే చాలామందికి దోమ మీద మనసు లాగుతుంది. పుదుచ్చేరిలోని వెక్టార్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌కు కోరాపుట్‌లో ఫీల్డ్ స్టేషన్ ఉండటం మన అదృష్టం. మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ దోమలో చూసింది కూడా మన సికింద్రాబాద్‌లోనే, 1897లో.

కానీ మలేరియా మోసేది అనోఫిలిస్. దాన్ని ల్యాబ్‌లో పెంచడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై అయితే దాని గుడ్లను కాగితం మీద ఆరబెట్టి నెలల తరబడి దాచుకోవచ్చు. జన్యు సమాచారం కూడా పుష్కలం, వాసన గ్రాహకాల జన్యువులే వందకు పైగా ఉన్నాయి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నోటి పక్కనుండే పాల్ప్‌లతో, చెమటలోని లాక్టిక్ ఆసిడ్ లాంటివాటిని మీసాలతో పట్టుకుంటుంది. 2013లో ఆర్కో జన్యువును చెడగొట్టిన దోమల్ని తయారుచేశారు. కార్బన్ డయాక్సైడ్ తోడుంటే అవి మనిషిని ఇంకా వెతుక్కుంటూనే వచ్చాయి. దోమ ఒక్క దారిని నమ్ముకుని బతకదని అప్పుడు తెలిసింది.

ఇక్కడ మళ్లీ మట్టి వాసన గుర్తుచేసుకోండి. పండు ఈగ పారిపోయే అదే జియోస్మిన్‌కు, గుడ్లు పెట్టడానికి నీరు వెతికే ఆడ ఏడిస్ దగ్గరికొస్తుందని 2020లో వచ్చిన పరిశోధన చూపించింది. బీట్‌రూట్ తొక్కలోనూ జియోస్మిన్ ఉంటుంది. రెండు గ్లాసుల్లో నీళ్లు, ఒకదాంట్లో బీట్‌రూట్ తొక్క, లోపలి అంచున వడపోత కాగితం. నీటి గీతకు పైన నల్లటి గుడ్లు అతుక్కుంటాయి, లెక్కపెట్టాలి. అంతే ప్రయోగం. ఇంకో తేలికైన దారి రెక్కల చప్పుడు. ఆడ దోమ చప్పుడు కన్నా మగదానిది సన్నటి గొంతు. మగది మీసం మొదట్లో ఉండే జాన్‌స్టన్ అవయవంతో ఆడదాని చప్పుడు వింటుంది. మామూలు ఫోన్‌తో దోమల చప్పుడు రికార్డు చేసి జాతిని గుర్తించవచ్చని స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2017లో చూపించింది.

ఇంత చెప్పాక కూడా నా మాట ఇదే: ఇప్పటికే దోమల కాలనీ ఉన్న ల్యాబ్‌లో చేరితే తప్ప దోమ వద్దు. జంతువు రక్తం తాగించాలంటే నైతిక కమిటీ అనుమతి కావాలి, దానికే నెలలు పడుతుంది. హాస్టల్ గదిలో, ఇంట్లో దోమలు పెంచడం పక్కవాళ్లకు ప్రమాదం. చేయి చాపి కూర్చుని వాలిన దోమల్ని పట్టే పాత పద్ధతిని మలేరియా ఊళ్లలో ఎవరు చెప్పినా చేయకండి. ప్రాజెక్టు కోసం జ్వరం తెచ్చుకోవద్దు.

దసలి పట్టుపురుగు

సిరొంచ పిల్లలు దీన్ని చిన్నప్పటినుంచి చూసే ఉంటారు. గోదావరికి ఇటు మహాదేవ్‌పూర్, అటు గడ్చిరోలి అడవులు, రెండువైపులా మద్దిచెట్ల మీద దసలి పట్టు పెంచే కుటుంబాలున్నాయి. ఒకసారి అక్కడ ఒక పెద్దాయన వెదురుబుట్టలో ఆడ పట్టుచిలుకను పెట్టి చెట్టుకు కట్టాడు. చీకటి పడ్డాక మగవి రావడం మొదలైంది.

"తాతా, ఇంత చీకట్లో వీటికి జాడ ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"మీసాలు చూడు బిడ్డా. ఆడదానివి సన్నగుంటయి. మగదానివి దువ్వెన లెక్క. గాలి దువ్వుకుంట వస్తది."

టార్చి వెలుగులో చూస్తే అచ్చం అలాగే ఉంది. నడిమి కాడకు రెండువైపులా పళ్లు, ఆ పళ్ల మీద కంటికి ఆనని నూగు. ప్రతి నూగు వెంట్రుకలో వాసన పట్టే నాడీకణాలుంటాయి. పురుగుల ఫెరోమోన్ మొదటిసారి తెలిసింది మల్బరీ పట్టుపురుగులో. అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం సుమారు 5 లక్షల ఆడ చిలుకల గ్రంథులు పోగుచేసి 1959లో బాంబికాల్‌ను గుర్తించింది. ఇక ఫెరోమోన్‌ను మోసే ప్రోటీన్ మొదట దొరికింది మన దసలి పురుగుకు దగ్గరి చుట్టమైన ఆంథీరియా పాలీఫీమస్‌లో, 1981లో.

అంటే ఈ కుటుంబం మీద పెద్ద పునాది ఉంది, మన ఆంథీరియా మైలిట్టా మీద మాత్రం చేయాల్సింది ఇంకా చాలా ఉంది. ఆడ, మగ మీసాల్లో ఆ మోసే ప్రోటీన్ జన్యువు ఎంత పనిచేస్తుందో చూడటం ఒక చక్కటి ప్రశ్న. మీసం పెద్దది కాబట్టి కత్తిరించడం, మైక్రోస్కోప్ కింద చూడటం తేలిక.

కష్టం కాలంతో వస్తుంది. చలికాలం పంట ప్యూపాలు పట్టుకాయల్లోనే నిద్రపోయి, తొలకరికి చిలుకలై బయటికొస్తాయి. చిలుకకు నోరు పనిచేయదు, ఏమీ తినదు, వారం అటూఇటూ బతుకుతుంది. మీరు సిద్ధంగా లేకపోతే మళ్లీ పంట దాకా ఆగాల్సిందే. ఏడాది సమయం ఉన్నవాళ్లే దీని జోలికి వెళ్లండి. పెంపకందారుల దగ్గర కాయలు డబ్బిచ్చి కొనండి, ఊరికే అడగొద్దు. వాళ్లకు ప్రతి కాయా కూలి. రిజర్వ్ ఫారెస్టులో సేకరించాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.

పుట్టతేనెటీగ

జన్యువుల కన్నా నడవడిక అంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది. తేనెటీగకు అల్ట్రావయొలెట్, నీలం, ఆకుపచ్చ కనిపిస్తాయి, ఎరుపు విడిగా కనిపించదు. బూడిదరంగు కార్డుల మధ్య నీలం కార్డు పెట్టి, దాని మీద చక్కెర నీళ్లు ఉంచి ఈగలకు అలవాటు చేసి, కార్ల్ ఫాన్ ఫ్రిష్ వాటికి రంగులు తెలుసని నిరూపించాడు. 1973లో నోబెల్ అందుకున్న ఆయన పని ఇలా కాగితాలు, చక్కెర నీళ్లతోనే మొదలైంది. ఇంకో పద్ధతిలో ఈగను ఐస్ మీద కాసేపు ఉంచి, నెమ్మదించాక చిన్న గొట్టంలో తలమాత్రం బయటికి ఉండేలా బిగించి, ఒక వాసన ఊది వెంటనే చక్కెర చుక్క అందిస్తారు. కొన్నిసార్లయ్యాక వాసన రాగానే తొండం చాపుతుంది. నేర్చుకుందని అర్థం.

తేనెపెట్టె పెట్టేవాళ్లు తెలిసినవాళ్లైతేనే మొదలుపెట్టండి. పెట్టె దగ్గరికి అరటిపండు తిని వెళ్లకండి. కుట్టేటప్పుడు ఈగలు వదిలే హెచ్చరిక వాసనలో ముఖ్యమైనది ఐసోపెంటైల్ అసిటేట్, అది అచ్చం అరటిపండు వాసన. కొండచరియలకు పట్టే పెద్ద తేనెటీగల జోలికి మాత్రం ప్రాజెక్టు పేరుతో అస్సలు వెళ్లొద్దు.

గులాబీ రంగు పురుగు

ఇంట్లో పత్తి వేసే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. రాయగడ, కలహండి వైపైనా, చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ వైపైనా ఈ పురుగు ఎన్ని ఇళ్లను దెబ్బతీసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2017లో యవత్మాల్‌లో మందు కొడుతూ విషం సోకి రైతులు, కూలీలు చనిపోయారు. మందు తగ్గించే ప్రతి దారీ ఒక ప్రాణం కాపాడే దారే. ఆ దారుల్లో ఒకటి వాసన.

ఆడ పురుగు వదిలే ఫెరోమోన్‌ను 1973లో గుర్తించారు, పేరు గాసిప్లూర్. ఒకే రసాయనానికి చెందిన రెండు రూపాలు సగం సగం కలిసిన మిశ్రమం. లింగాకర్షక బుట్టల్లో పెట్టే ఎర అదే. ఒక్కో బుట్టలో వరుసగా మూడు రోజులు ఎనిమిది చొప్పున మగ రెక్కల పురుగులు పడితే చర్య తీసుకోవాలన్నది రైతులకు చెప్పే లెక్క. మీ పొలంలో అరడజను బుట్టలు కట్టి, కొత్త ఎరకూ మూడు వారాల పాత ఎరకూ ఎన్ని పడుతున్నాయో రోజూ పొద్దున్నే లెక్కపెట్టండి. పక్కనే గుడ్డిపూలు కూడా లెక్కపెట్టండి. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వును విప్పితే లోపల పురుగు ఉంటుంది. బుట్టలో లెక్కకూ గుడ్డిపూల లెక్కకూ సంబంధం ఉందా? ఇది నిజమైన పరిశోధన ప్రశ్న, మీ నాన్నగారికి కూడా పనికొస్తుంది.

జన్యువుల వైపు వెళ్లాలంటే బీటీ నిరోధకత ఉంది. పురుగు పేగులో క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌కు బీటీ విషం అతుక్కుంటుంది. ఆ జన్యువు మారితే విషం పనిచేయదు. ఆల్కహాల్‌లో దాచిన పురుగుల డీఎన్ఏతోనే దీని మీద కొంత పని చేయవచ్చు. నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో ఈ పురుగు మీద ఏళ్లుగా పని జరుగుతోంది, మహారాష్ట్ర వైపు పిల్లలకు అది దగ్గర. అమెరికా బీటీ పత్తి, ఫెరోమోన్, గొడ్డు పురుగుల విడుదల అన్నీ కలిపి వాడి ఈ పురుగును 2018 నాటికి తమ పత్తి పొలాల నుంచి పూర్తిగా తొలగించింది. మన చిన్న కమతాల్లో అంత తేలిక కాదు. కానీ ఏ అస్త్రమూ ఒంటరిగా చాలదని అది చూపించింది.

ఎవరికి ఏది

ఆరు నెలల ప్రాజెక్టు, మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్, పీసీఆర్ మాత్రమే ఉంది అంటే పండు ఈగ. ఇందులో నాకు సందేహం లేదు. కాకపోతే అక్టోబరు నుంచి మార్చి లోపు ప్రయోగాలన్నీ ముగించేలా చూసుకోండి.

ఇంట్లో పత్తి ఉంటే, జూలైలోనే గైడ్‌తో మాట్లాడి గులాబీ రంగు పురుగు తీసుకోండి. పూత రాకముందే బుట్టలు, ఎరలు చేతిలో ఉండాలి. పీహెచ్‌డీ దాకా వెళ్లాలని ఉండి ఏడాది ఓపిక ఉన్నవాళ్లకు దసలి పురుగు. సిరొంచ పిల్లలు ఎవరైనా దీన్ని ఎంచుకుంటే నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. బి.ఎస్సీలోనే ఏదైనా చేసి చూడాలనుకునేవాళ్లకు తేనెటీగ, కాగితాలు, చక్కెర నీళ్లు చాలు. దోమ కావాలంటే ముందు కోరాపుట్ ఫీల్డ్ స్టేషన్ లాంటి చోట వేసవిలో రెండు నెలలు పనిచేసే అవకాశం అడగండి, తర్వాత నిర్ణయించుకోండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. అది వస్తే పెద్ద ల్యాబ్‌లో ఈఏజీ మిషన్‌ను చేత్తో తాకి చూడొచ్చు. బరంపురంలో ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా మనకు రైలు దూరంలోనే ఉంది. మెయిల్ రాసేటప్పుడు "పురుగుల మీద ఆసక్తి ఉంది" అని రాయకండి, అలాంటివి రోజుకు పది వస్తాయి వాళ్లకు. మీరు ఏ పురుగును, ఏ ఊళ్లో, ఎన్నిసార్లు చూశారో, ఏం లెక్కపెట్టారో, ఏది అర్థం కాలేదో నాలుగు వాక్యాల్లో రాయండి. లెక్కపెట్టిన నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి జతచేయండి.

ఆ నోట్‌బుక్‌లో, ట్యూబుల మీద కూడా, పెన్సిల్‌తోనే రాయండి.